పటాలు తినే మేకా, నా ఏడు సంపుటాలూ

1వ తారీఖు, ఆదివారం

తీర్మానం! "మబ్బుల మెట్లు" ఏడు సంపుటాలూ మళ్ళీ చదువుతున్నాను. ఈసారి ఒక్కణ్ణే కాదు, మా బుడ్డిదానికి వినిపిస్తూ చదువుతాను. దానికి పదేళ్ళు నిండాయి. నేను మొదటిసారి ఆ మెట్లెక్కింది ఆ వయసులోనే.

పొద్దున్నే అటకెక్కాను. అట్టపెట్టె దొరికింది. ఏడూ ఉన్నాయి! రెండోదానికి అట్ట లేదు. ఐదోదాన్ని పురుగు ఈ చివర్నించి ఆ చివరికి తొలిచేసింది, కానీ అక్షరాల జోలికి పోలేదు. దానికీ ఈ పుస్తకాలంటే ఇష్టమే అన్నమాట.

నియమాలు:
రోజూ భోజనాలయ్యాక ఒక అధ్యాయం. ఒకటే.
వరసగా. నాకిష్టమైన చోటికి గెంతడాల్లేవు.
"ఇప్పుడు చూడు, ఇప్పుడొస్తుంది!" అనకూడదు. నోరు కుట్టేసుకోవాలి.
సెలవులు అయ్యేలోపు ఏడోది అయిపోవాలి.

మా ఆవిడ ఆస్పత్రి డ్యూటీ నుంచి వస్తూనే పుస్తకాల దుమ్ము చూసి తుమ్మింది. "అటక మీద గిటారు కూడా కనిపించిందా? బాగుందా పాపం? పక్కనే పరుగు బూట్లు ఉండాలే!" అంది. ఈ ఇంట్లో నాకు ఆరంభశూరుడని బిరుదుంది, అది ఆవిడ ఇచ్చిందే.

ఎవరేమన్నా ఈసారి వదలను. బుడ్డిది ఈమధ్య గది తలుపేసుకుంటోంది. బజార్లో నా చెయ్యి వదిలేసి రెండడుగులు ముందు నడుస్తోంది. ఇంకో ఏడాది పోతే నాన్న పక్కన కూర్చోవడమే దానికి నామోషీ. ఈలోపు నాకు ప్రాణమైన పుస్తకం దానికీ ప్రాణమవ్వాలి. నాకు కావలసింది అంతే.

అడిగితే బేరమాడింది. "బోర్ కొడితే ఆపేస్తా. ఇంక జన్మలో అడక్కూడదు." సరే అన్నాను. మబ్బుల మెట్లు బోర్ కొట్టడమా! నవ్వొచ్చింది.

2వ తారీఖు, సోమవారం

మొదటి అధ్యాయం అయింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ పెరట్లో బట్టలారేసే తాడు పట్టుకుని ఎక్కితే అది మెట్లవుతుంది. చదువుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

"నాన్నా, పుస్తకం అంత దూరంగా పెట్టుకున్నావేంటి? కరుస్తుందా?" అంది బుడ్డిది. ప్రింటు చిన్నదమ్మా, పాతకాలం ప్రింటు అని చెప్పాను.

అయిపోయాక, "ఆ తర్వాత?" అంది. ఆ తర్వాత! ఈ ఒక్క మాటకి ఉన్న ఇల్లు రాసిచ్చెయ్యొచ్చు.

3వ తారీఖు, మంగళవారం

నేను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. ఇరవయ్యేళ్ళుగా అదే పని. ఇవాళ పుస్తకం కౌంటరు కింద పెట్టుకుని రాత్రి చదవాల్సిన అధ్యాయం రిహార్సల్ వేసుకుంటూ ఒక పెద్దావిడ జోడుకి కుడి అద్దం ఎడమకీ, ఎడమది కుడికీ బిగించాను.

ఆవిడ గంటలో తిరిగొచ్చింది. "నాయనా, ఉన్నచోట మెట్టు లేదు, లేనిచోట ఉంది" అంది. మబ్బుల మెట్లు కూడా సరిగ్గా అంతే కదా, అనబోయి నాలిక్కరుచుకున్నాను.

"ఏమయ్యా, కళ్ళెక్కడ పెట్టుకుని పనిచేస్తున్నావ్?" అని ఓనరుగారు నన్నే కుర్చీలో కూర్చోబెట్టి అక్షరాల కార్డు చదివించారు. "చత్వారం వచ్చిందయ్యా నీకు! దగ్గరి చూపుకి జోడు చేసుకో." నాకా! ఊరందరికీ కళ్ళజోళ్ళు చేసేవాడికి చత్వారమా? ప్రింటు చిన్నదండీ అన్నాను. ఆయన నవ్వారు.

5వ తారీఖు, గురువారం

ఘోరం జరిగింది.

ఇవాళ పరపర వచ్చే అధ్యాయం. పరపర అంటే ఒంటికొమ్ము మేక. పిల్లలిద్దరికీ రెండో మెట్టు దగ్గర కలుస్తుంది. కనిపించిన పటమల్లా తినేస్తుంది. దారి చూపించే పటాలన్నీ దాని కడుపులోకే, అందుకే వీళ్ళెప్పుడూ దారి తప్పుతుంటారు. ఎంత నవ్వొచ్చే అధ్యాయమో! పొద్దుట్నుంచీ దీనికోసమే కాచుక్కూర్చున్నాను.

"పొద కదిలింది. అందులోంచి ఒక కొమ్ము బయటికొచ్చింది." అంతే, రెండు వాక్యాలు చదివానో లేదో కళ్ళమ్మట నీళ్ళు. ఎంత ఆపినా ఆగవే!

బుడ్డిది పుస్తకం వంక చూసింది. నా వంక చూసింది. "నాన్నా, మేక ఇప్పుడే కదా వచ్చింది. ఎందుకేడుస్తున్నావ్?"

కంట్లో దుమ్ము పడిందన్నాను.

"అది చచ్చిపోతుందా?"

నేను మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఇంకా పెద్ద పొరపాటు. మా అమ్మ చెప్పేది నా గురించి, వీడి నోట్లో నువ్వుగింజ నానదు అని. నోరు కుట్టేసుకుంటే ఏం లాభం, నాకు కంట్లో కూడా నానదని ఇవాళ తెలిసింది. నలభై మూడేళ్ళొచ్చి, రాబోయే చావుకి ముందే ఏడ్చేవాణ్ణి నన్నే చూశాను.

బుడ్డిది దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకుంది. అయిపోయింది, ఇంక వినదు.

6వ తారీఖు, శుక్రవారం

వింటానంది!!

కానీ పుస్తకం వైపు చూడట్లేదు, నా మొహం వైపే చూస్తోంది. ఎవరైనా కొత్తవాళ్ళు రాగానే "ఆగు" అంటుంది. పరీక్షగా చూస్తుంది. "పడవ తాత... ఊఁ, ఇతను బతుకుతాడు. గాలిపటాల రాణి... నాన్నా, ఇటు చూడు... ఈవిడకి ఏదో అవుతుంది." తొమ్మిదిమందికి తొమ్మిదిమందినీ సరిగ్గా చెప్పింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి పడీపడీ నవ్వింది. "నాతో ఏనాడైనా అబద్ధమాడగలిగారా, దానితో ఆడడానికి!"

9వ తారీఖు, సోమవారం

ఉపాయం తట్టింది! షాపు మూసేముందు ఒక గంట కూర్చుని నాకు నేనే జోడు చేసుకున్నాను. దగ్గరి చూపు నంబరు అద్దాలే, కానీ నల్లరంగువి. ఒకే దెబ్బకి రెండు పిట్టలు. అక్షరం పెద్దగా కనిపిస్తుంది, నా కళ్ళు దానికి కనిపించవు. ఇరవయ్యేళ్ళ నైపుణ్యమంతా పెట్టి అరగదీశాను. (చత్వారం ఉందని ఒప్పుకున్నట్టు కాదు.)

భోజనాలయ్యాక.

దీపం వెలుగులో నల్లద్దాలతో ఒక్క ముక్క కనిపిస్తే ఒట్టు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నానని మూడో నిమిషంలో మా ఆవిడ చెప్పింది. గుర్తున్నంత మేరకు అప్పజెప్పేశాను. ఆమాత్రం రాకపోతే అభిమానినెలా అవుతాను? పరపర వాగు దాటుతూ "నాకు ఈదడం రాదు, కానీ తినడం వచ్చు" అనే చోట గొంతు మామూలుగానే ఉంచాను. నన్ను నేనే మెచ్చుకుంటున్నాను.

"నాన్నా," అంది బుడ్డిది, "అద్దాల కిందనుంచి కారుతోంది."

12వ తారీఖు, గురువారం

నియమాలు ఒక్కటీ మిగల్లేదు! రోజుకొకటి కాస్తా మూడయ్యాయి. రెండో సంపుటం అయిపోయింది. "ఇప్పుడు చూడు, ఇప్పుడొస్తుంది!" అని కనీసం ఇరవైసార్లు అనుంటాను. దానికి కోపం రాలేదు. "రానీ రానీ!" అంటోంది.

పరపరంటే దానికి పిచ్చి పట్టుకుంది. పాలవాడి బిల్లు కనపడకపోతే "మేక తినేసుంటుంది" అంది. మా ఆవిడ డ్యూటీ చార్టు కూడా మేకే తినేసిందట. నిజానికి అది ఫ్రిజ్ మీదే ఉంది, ముగ్గురం కలిసి మేకని తిట్టాం.

ఇవాళ నా భుజం మీద తలపెట్టి విన్నది. నాకింకేం కావాలి?

17వ తారీఖు, మంగళవారం

మూడో సంపుటం ముగిసింది. వంతెన కింద ముగ్గురూ పడుకుంటారు, పరపర ఇంకో పటం నములుతూ ఉంటుంది, అక్కడ అయిపోతుంది. రేపు నాలుగోది. అసలు కథంతా నాలుగోదాంట్లోనే!

18వ తారీఖు, బుధవారం

ఏర్పాట్లు: మంచినీళ్ళ సీసా. మామూలు అద్దాల జోడు (అవును, చేసుకున్నాను, చాలా?). పెద్ద టవలు.

మంచం మీద అన్నీ సర్దుకుని కూర్చున్నాను. బుడ్డిది వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. "నాకు కడుపునొప్పి" అని వెళ్ళిపోయింది.

పాపం. పొద్దుట బిస్కెట్లు ఎక్కువ తినుంటుంది.

19వ తారీఖు, గురువారం

హోంవర్కుందట. సెలవుల్లో హోంవర్కేమిటే? అన్నాను. "ఉంది" అంది.

20వ తారీఖు, శుక్రవారం

తలనొప్పి. అంతకుముందు గంటసేపు పక్కింటి పిల్లతో తాడాట ఆడింది. అప్పుడు లేదు తలనొప్పి.

21వ తారీఖు, శనివారం

తలుపేసుకుంది.

బోర్ కొట్టుంటుంది. ఎందుకు కొట్టదు? ఈ కాలం పిల్లలకి తాడు పట్టుకుని మబ్బులెక్కడం, మాట్లాడే మేకలు! నాకే తెలియాలి. అయినా నాకూ షాపులో రద్దీగా ఉంది. సాయంత్రానికి నడుం పడిపోతోంది. కొన్నాళ్ళు ఆపితే మంచిదే అనుకుంటున్నాను. ఆపింది నేనే, అది కాదు.

22వ తారీఖు, ఆదివారం

ఒక్కణ్ణే చదువుదామని నాలుగోది తీశాను. తీర్మానం తీర్మానమే కదా! ఆరో అధ్యాయం దాకా వెళ్ళాను. మాంత్రికుడు పిల్లలకోసం విషం పూసిన పటం పంపిస్తాడు. మూడు సంపుటాలనుంచీ పటాలు తింటోందని ఆ మేకని తిట్టనివాళ్ళు లేరు. అవన్నీ ఆకలికి తిన్నవి. ఈ ఒక్కటీ మాత్రం వాసన చూసి, ఏమిటో తెలిసి, పిల్లలు లేచేలోపు మొత్తం తినేస్తుంది.

పదేళ్ళప్పుడు ఈ పేజీ దగ్గర రెండ్రోజులు అన్నం మానేశాను. ఇవాళ పక్కన ఎవరూ లేకుండా చదివితే కంట్లోంచి చుక్క రాలేదు. పుస్తకం మూసేశాను.

23వ తారీఖు, సోమవారం

ఏడూ పెట్టెలో పెట్టి అటకెక్కించాను. నిచ్చెన మా ఆవిడే పట్టుకుంది. గిటారు సంగతి ఎత్తలేదు. బూట్ల సంగతీ ఎత్తలేదు. అంటే నా మొహం ఎలా ఉందో!

"నేను కనుక్కోనా దాన్ని?" అంది కిందికి దిగాక. వద్దన్నాను. బోర్ కొడితే జన్మలో అడగనని మాటిచ్చాను కదా. ఇస్తే ఇచ్చాను, ఏడుపొస్తోంది.

24వ తారీఖు, మంగళవారం

ఏం లేదు.

26వ తారీఖు, గురువారం

సాయంత్రం వసారాలో కూర్చుని మా ఆవిడ కళ్ళజోడు స్క్రూ బిగిస్తున్నాను. బుడ్డిది వచ్చి పక్కన నిలబడింది. కాసేపు అటూ ఇటూ చూసి, మెల్లిగా అడిగింది.

"నాన్నా, మేక ఎలా ఉంది?"

స్క్రూ కిందపడింది. "అటక మీదుంది" అన్నాను.

"మూడో పుస్తకంలోనే ఉందిగా? నాలుగోది నువ్వు చదవలేదుగా?"

చదివానని చెప్పలేకపోయాను. జీవితంలో మొదటిసారి దానితో నిబ్బరంగా అబద్ధమాడాను. "లేదమ్మా."

"హమ్మయ్య" అని నా పక్కనే చతికిలబడింది.

"నాలుగోదాంట్లో అని నీకెలా తెలుసే?"

"టవలు తెచ్చుకున్నావుగా నాన్నా! మూడింటికీ తేలేదు. నాలుగోదానికి అంత పెద్ద టవలు తెచ్చావ్." నన్ను చూసి జాలిపడ్డట్టు తలాడించింది. "మనం చదవకపోతే అది చావదు కదా. వంతెన కింద పటం నములుతూ ఉంటుంది. అక్కడే ఉండనీ."

కడుపునొప్పీ, హోంవర్కూ, తలనొప్పీ, వేసిన తలుపూ అన్నీ మేకని కాపాడ్డానికే! వారం రోజులుగా ఒక్కతే కాపలా కాస్తోంది పిచ్చితల్లి. నేనేమో పుస్తకం నచ్చలేదని మొహం ముడుచుక్కూర్చున్నాను.

అలా కాదమ్మా, కథంటే చివరిదాకా చదవాలి, ఏడవడం కూడా అందులో భాగమే అని పెద్ద ఉపన్యాసం నోటిదాకా వచ్చింది. మింగేశాను. అసలు చదవకుండా ఆపెయ్యొచ్చని నాకా వయసులో తట్టనే లేదు. ముప్ఫైమూడేళ్ళుగా ఆ మేకని ఎన్నిసార్లు చంపుకున్నానో!

ఏడ్చాను. ఈసారి దుమ్మనలేదు. బుడ్డిది లోపలికెళ్ళి టవలు తెచ్చిచ్చింది.

27వ తారీఖు, శుక్రవారం

కొత్త తీర్మానం! "మబ్బుల మెట్లు" మళ్ళీ మొదటినుంచి. సంపుటాలు మూడే. రోజుకెన్ని అధ్యాయాలన్నది బుడ్డిది చెప్పినన్ని. మూడోది అయిపోగానే మళ్ళీ మొదటిది.

పొద్దున్నే అటకెక్కి మూడు కిందికి దించాను. నాలుగోది పెట్టె అడుక్కి పోవాలని బుడ్డిది నిచ్చెన కిందనుంచి ఆజ్ఞ. "ఏడు సంపుటాల తీర్మానం మూడుకి దిగిందా! తగ్గింపు బాగానే ఉంది" అంది మా ఆవిడ. అని, డ్యూటీకి టైమవుతున్నా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మరి నాలుగోది ఎప్పుడే?" అన్నాను బుడ్డిదానితో. ఊరికే అడిగాను.

వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టింది. "నేను పెద్దయ్యాక. బాగా పెద్దయ్యాక, అమ్మంత."

"సరే. అప్పుడు నువ్వే చదువుకుందువుగాని."

"అమ్మో, నేనొక్కదాన్నే చదవలేను!" అంది. "అప్పుడు కూడా నువ్వే చదవాలి. నేను నీ పక్కన కూర్చుంటా."

అలాగే అన్నాను. మొదటి పేజీ తీశాను.