సర్పంచ్ గారి తువ్వాల

చిరంజీవి సర్పంచ్ ఐలేశ్‌కు, నీకు సోషల్ చెప్పిన సారు దీవెనలు.

యువకుడైన ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ, ఎదురుతిరిగే ప్రభువులను కోటకు రప్పించి, పొద్దున్నే తనకు చొక్కా అందించే గౌరవం కోసం పోటీపడేలా చేశాడని దేవరుప్పుల బడిలో చెప్పాను. పరీక్షకు చెప్పాను నాయనా, పంచాయతీకి కాదు!

నీ మీద పోటీచేసి ఓడిన కొమురెల్లి ఇప్పుడు రోజూ నీ తువ్వాల పట్టుకుని నిలబడుతున్నాడు. వేపపుల్ల అందించే వంతు తనకు రాలేదని వార్డు మెంబరు ప్రేమ్‌చంద్ అలిగాడు. ఇక మా వాడకట్టులో మురుగు పొంగే మోరీ గురించి నిన్ను నిలదీసేదెవరు?

మా ఇంటావిడది వేరే గొడవ: "పాఠం జెప్పింది నువ్వైతే తువ్వాల గాయనకిచ్చిండా?"

నువ్వు గడ్డం గీసుకునేటప్పుడు అద్దం పట్టే మనిషి లేడట. రేపు ఆరింటికే వస్తాను. మోరీకి తొందరేం లేదు.