యాదగిరి గారి ఎడమవైపు

జులై 7, సోమవారం

ఓడిపోయాను. పదమూడేళ్ల అమ్మాయి చేతిలో — పదకొండు, మూడు. తర్వాతి గేమ్ పదకొండు, రెండు. నలభై మూడేళ్ల మనిషిని, ఒకప్పుడు యూనివర్సిటీ జట్టులో ఆడినదాన్ని... ఒళ్లంతా చెమట, పైగా నా మీద నాకే నవ్వొకటి. కొండాపూర్ అకాడమీలో టేబుల్ టెన్నిస్ ట్రయల్. కోచ్ గారు గోడకి ఆనుకుని అంతా చూశారు. చివర్లో ఒకటే మాట — "మీరు ఆడటం లేదండీ, వడ్డిస్తున్నారు. ఆ పిల్లకి ఎక్కడ కావాలో అక్కడికే బంతి పంపిస్తున్నారు. రోజూ ఎవరితో ఆడతారు?"

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అన్నాను.

జులై 8, మంగళవారం

మీటింగ్‌లో కూర్చున్నా అదే ఆలోచన. ప్రతి బంతీ ఆ అమ్మాయి ఫోర్‌హ్యాండ్‌కే ఎందుకు వేశాను? భోజనం దగ్గర తట్టింది. యాదగిరి గారు!

మణికొండలో మా సెల్లార్‌కి ఒక నియమం ఉంది. ఎవరూ రాయలేదు, ఎవరూ చెప్పలేదు. యాదగిరి గారి ఎడమవైపు బంతి వేయకూడదు. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎడమ మోకాలికి ఆపరేషన్, అటు అడుగు పడదు. తెలియక ఎవరైనా అటు కొడితే మూడో అంతస్తు మేరీ గారు ఒక చూపు చూస్తారు. నర్సు గదా, ఆ చూపుకే సగం జబ్బు కుదురుతుంది. మర్నాటి నుంచి వాళ్లూ కుడివైపే ఆడతారు. రెండేళ్లుగా రోజూ సాయంత్రం ఏడింటికి నా చెయ్యి నేర్చుకున్న విద్య ఇదన్నమాట.

జులై 9, బుధవారం

కోచ్ ఫోన్. తీసుకుంటారట! పొద్దున ఆరు గంటల బ్యాచ్‌లో ఒకే ఒక్క చోటుంది. "మణికట్టులో పని ఇంకా ఉందండీ మీకు. కానీ మూడు నెలలు వేరే ఎక్కడా ఆడకూడదు. నేను పొద్దున దిద్దింది మీరు సాయంత్రం చెరిపేసుకొస్తే ఇద్దరికీ దండగ." ఆదివారంలోగా చెప్పాలి.

గంతేసినంత పని చేశాను. కుర్చీ వెనక్కి పడింది. దాన్ని లేపుతుంటే గుర్తొచ్చింది... సాయంత్రం ఏడు.

జులై 10, గురువారం

సెల్లార్‌కి వెళ్లాను. చెప్పలేదు. డబుల్స్‌లో ఓడిన జంట మిర్చిబజ్జీలు తేవాలి — వానలో తడుస్తూ తెచ్చాం.

జులై 11, శుక్రవారం

ఇది రాసిపెట్టుకోవాలి, రేపెలా ఉంటానో. అమ్మ పోయాక పది నెలలు ల్యాప్‌టాప్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంటి నుంచే పని, ఇంట్లోనే ఏడుపు. ఒక సాయంత్రం చెత్త సంచి పట్టుకుని కిందికి దిగితే యాదగిరి గారు — అప్పటికి పేరు కూడా తెలియదు — "అమ్మా, ఒక మనిషి తక్కువున్నది, జర నిలవడరాదూ" అన్నారు. నిలబడ్డాను. ఆడటం వచ్చని చెప్పలేదు. ఇంటి చెప్పులతోనే ఆడాను. ఆ రాత్రి అన్నం సహించింది.

నేను బతికి బట్టకట్టింది ఆ బల్ల దగ్గర. అది ఎప్పటికీ మర్చిపోను.

కానీ ఆట కూడా నాదే కదా. ఇరవై ఏళ్లు అటక మీద పెట్టింది. ఈ వయసులో ఇంకోసారి ఎవరు పిలుస్తారు?

జులై 12, శనివారం

ఆ పిల్ల చేతిలో ఓటమి, అకాడమీ, మూడు నెలల షరతు — అన్నీ చెప్పేశాను. మేరీ గారు "శుభమండీ" అని ముఖం తిప్పుకున్నారు. యాదగిరి గారు బ్యాట్ తుడుస్తూ — "మంచిగున్నది బిడ్డా, పో. గని ఆ పోరి మీద ఎందుకు ఓడినవో చెప్పు ముందుగాల."

నసిగాను. ఆయనే నవ్వారు. "నాకు ఎరుకలేదనుకున్నరా మీరంత? రెండేండ్ల సంది నా ఎడమ దిక్కు ఒక్క బాల్ రాలె. బస్సు నడిపినోన్ని, ఎవడు ఏ దిక్కుకెల్లి వస్తుండో చూడనా? మీరు ఫీలైతరని సప్పుడు చెయ్యలె."

మేరీ గారు నా వైపు చూశారు, నేను నేల చూశాను. రెండేళ్లు ఆయన మాకోసం ఓర్చుకున్నారు. మేమేమో ఉపకారం చేస్తున్నామనుకున్నాం.

"ఒక్క గేమ్ నాతోని. ఎడమకే కొట్టు." వద్దన్నాను. "గట్లయితే ఇగ నేను బ్యాట్ పట్ట."

కొట్టాను. మొదటిది అందలేదు. రెండోది అందలేదు. మూడోదానికి ఖాళీ చేత్తో బల్ల పట్టుకుని వంగారు — బల్ల ముట్టుకుంటే పాయింట్ పోతుంది, తానే చెప్పి నాకిచ్చేశారు. నాలుగోది తిప్పి పంపారు! నేను చూస్తూ ఉండిపోయాను. "ఏంది, నిద్రవోతున్నవా?"

పదకొండు, నాలుగు. కుర్చీలో కూలబడి, రొప్పుతూ — "ఇన్నొద్దులకు ఇయ్యాల ఆడిన." ఆ ముఖం చూస్తే ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

జులై 13, ఆదివారం ఉదయం

యాదగిరి గారి మోకాలు వాచింది. మేరీ గారు ఐస్ పెడుతూ ఫోన్‌లో — "మీకు బుద్ధుందా అండీ? ఆయన అడిగితే మాత్రం కొట్టేస్తారా?" వెనక నుంచి ఆయన గొంతు — "గామెనేమనకు. నేనే కొట్టుమన్న."

తిట్లన్నీ తిన్నాను. తిట్టేవాళ్లు ఉండటం ఎంత హాయో, ఆ పది నెలలు గడిపినదాన్ని, నాకు తెలుసు.

సాయంత్రం

కోచ్ మెసేజ్ — "రేపు ఆరింటికి వస్తున్నారా? షరతు గుర్తుంది కదండీ."

చదువుతుండగానే సెల్లార్ గ్రూపులో యాదగిరి గారు — "డాక్టర్ వారం దినాలు కూసోమన్నడు. కూసుంట. ఆ తర్వాత ఏడింటికి మళ్ల ఎడమ దిక్కు ఆట. మేరమ్మ కొట్టదు, నాకెరుకే. పొమ్మన్నది నేనే, అయినా అడుగుతున్న — నువ్వొస్తవా బిడ్డా?"

కోచ్‌కి "వస్తాను సార్, గుర్తుంది" అని పెట్టాను. గ్రూపులో "తప్పకుండా వస్తాను" అని పెట్టాను. రెండూ వెళ్లిపోయాక గానీ చూసుకోలేదు. ఇద్దరిలో ఒకరికి అబద్ధం చెప్పాను. ఎవరికో నాకే ఇంకా తెలియదు...