ఊదుగొట్టంతో కర్నూలుకు

2006 జనవరి 18
వేళ్ల నొప్పులు పాతవే, కీళ్లవాతం. కొత్తది ఈ ఆయాసం. కాసేపు నేస్తే చాలు... ఆయనకు చెప్పలేదు. నడుమ ఆయన, అంచు దగ్గర నేను — ఇద్దరం లేందే ఈ చీర నడవదు. నేను లేస్తే నా చోట్లో తోటికోడలు పద్మ కూర్చుంటుంది. కూర్చుంటే ఇక లేవదు.

జనవరి 20
దగ్గు నన్ను పట్టించేసింది. "జర కర్నూలు పోయి చూపిద్దాం" అంటాడు.

జనవరి 24
కర్నూలు దవాఖాన. కీళ్లవాతం ఊపిరితిత్తుల్లోకి కూడా దిగొచ్చట. వేళ్లకూ వాటికీ ఏం చుట్టరికమో! వచ్చే మంగళవారం మిషన్లో ఊదాలి. ఊపిరి ఎంతుందో అది చెప్తుందట.

జనవరి 25
పాసైతే మగ్గం, ఫెయిలైతే పద్మ. పొయ్యి దగ్గర ఊదుగొట్టం పట్టుకుని సాధన మొదలుపెట్టా. పక్కనే గురువుగారు, అంటే మా ఆయనే — "గట్ల గాదు, కడుపుల నుంచి ఊదు." పొగకు ఇద్దరం దగ్గాం. గురువుగారే ఎక్కువ దగ్గారు.

జనవరి 27
ఊదుడే ఊదుడు. అన్నం మాడింది.

జనవరి 31
బస్సులో సంచి తెరిస్తే ఊదుగొట్టం! ఇదేందయ్యా అంటే — "ఆళ్లది కొత్తది. నీకు ఇది అలవాటైంది గద." దవాఖానలో మిషను పిల్ల దాన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సిగ్గుతో చచ్చా. ముక్కుకు క్లిప్పు పెట్టారు. ఊదా. తలుపు దగ్గర ఆయన "ఊదు, ఇంక ఊదు" — వరండాలో జనం కూడా అందుకున్నారు. ఆయన్ని బయటికి పంపారు. నాకు దగ్గు ఆగలేదు.
ఊపిరి తక్కువే ఉందట. స్కాను కూడా తీశారు. "మగ్గం ఆపాల్నా సారూ?" "రిపోర్టు చూసి చెప్తానమ్మా. పొయ్యి పొగకు మాత్రం దూరంగా ఉండు." గురువుగారు నేల చూపులు చూశారు.

ఫిబ్రవరి 1
పొద్దున లేచేసరికి నా చోట్లో పద్మ. "ఊకెనే కూసున్న అక్కా." ఆయన తల ఎత్తకుండానే, "లే పద్మా, మీ అక్క కూసుంటది."
కూర్చున్నా. కాసేపటికే ఎగశ్వాస. తెలియకూడదని పళ్లు బిగబట్టా.
"ఆగు, పోగు తెగింది" అంటూ ఆయన మగ్గం మీదికి వంగి వెతుకుతున్నాడు. నేనూ చూశా. ఏ పోగూ తెగలేదు. నా ఆయాసం తగ్గాక "దొరికింది, పట్టు" అన్నాడు.
మధ్యాహ్నం దాకా అలా తెగుతూనే ఉన్నాయి. ప్రతిసారీ నేనూ వెతుకుతున్నట్టే వంగా. నాకు భయంగా ఉంది. రేపు రిపోర్టు ఇస్తారు...