పసుపు ఉడికేదాకా

జనవరి 19

బయాప్సీ వచ్చింది. లింబయ్య అన్న నాలుక మీది పుండు కాన్సరే. మెడలో గడ్డ దాని పిల్ల. ఆయన జర్దా మానలేదు, నేను తిట్టడం మానలేదు. ఇద్దరం గెలవలేదు.

జనవరి 22, సాయంత్రం

నిజామాబాద్‌లో సర్జన్ బొమ్మ గీసి చెప్పాడు. గడ్డ చుట్టుపక్కల రక్తనాళాలకు కబురు పెట్టి, కొత్త నాళాలు మొలిపించుకుని, తిండి తనవైపు గుంజుకుంటుందట. మరి మన ఇమ్యూనిటీ ఏం పీకుతున్నట్టు అని వాదానికి దిగాను. రక్షణ కణాలు వచ్చి చుట్టూ చేరాయి, గడ్డ వాటిని పని చేయనివ్వడం లేదన్నాడు. కాలువ కాపలా లష్కర్లు గుర్తొచ్చారు. పెద్దరైతు గండి కొట్టి మోటార్ పెడతాడు, లష్కర్ అతనిచ్చిన చాయ్ తాగుతాడు. మంచి వ్యాసం అవుతుంది అనుకున్నాను. ఛీ, అన్న మెడ మీద వ్యాసం!

ఫిబ్రవరి 3న ఆపరేషన్. మెడ మీద చర్మం బాగుండాలి, పుండు పడితే కత్తి పెట్టను అని సర్జన్ మరీ మరీ చెప్పాడు. అన్న బుద్ధిగా తలూపాడు.

ఫిబ్రవరి 2

అన్న ఊరు జక్రాన్‌పల్లి పోయాను. అన్న మెడకు పసుపూ సున్నం కలిపి వేసిన కట్టు. విప్పితే చర్మం కాలి రసి కారుతోంది. చంద్రవ్వ వదిన మీద విరుచుకుపడ్డాను. ఇన్నేళ్లు మూఢనమ్మకాల మీద రాస్తే నా ఇంట్లోనే ఇదా? వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. గామెను అనకురా, కడాయి కాడ పనున్నది, పోనియ్యి అన్నాడు అన్న. పెరట్లో పసుపు ఉడుకుతోంది.

ఆపరేషన్ వాయిదా.

ఫిబ్రవరి 11

వదిన పసుపు కట్టు మీద పత్రికకు వ్యాసం పంపాను. పేర్లు మార్చాను. కోపం మార్చలేదు.

మార్చి 10

పుండు మానింది. స్కాన్ తీశారు. గడ్డ మెడలోని పెద్ద నాళాన్ని చుట్టేసింది. ఇక కోయలేరు. నాళం గోడను తినేస్తోంది, ఏ రోజైనా పగలొచ్చు, ముదురు రంగు దుప్పట్లు దగ్గర ఉంచుకోండి, నెత్తురు చూసి ఇంట్లోవాళ్లు బెదరకుండా, అన్నాడు సర్జన్. రక్షణ కణాలను లేపే ఇంజెక్షన్ ఉంది కదా అని అరిచాను. ఇస్తాం, అది పనిచేసేదాకా నాళం ఆగాలి కదా అన్నాడు. బయటికొచ్చి ముదురు రంగు దుప్పట్లు రెండు కొన్నాను.

మార్చి 14

కట్టు కట్టుకున్నది అన్నే. ఆయనే చెప్పాడు. పసుపు తవ్వి కుప్ప వోసినం, ఉడకబెట్టకుంటే కుళ్లిపోతది, కిరాయి కడాయి గప్పుడే దొరికె, నేను మెడ కోయిపిచ్చుకొని పండుకుంటే ఎవడు సూస్తడు? పుండుంటే కొయ్యనని గా డాక్టరే చెప్పె గదరా. వారం తప్పిద్దామనుకున్న, నెల వోయింది. మీ వదిన వద్దని ఏడ్సింది.

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

నీకు జెప్తే ఏమున్నదిరా, పేపర్ల రాస్తవ్ అన్నాడు. మెడ పట్టుకుని నవ్వాడు.

వ్యాసం అచ్చయి వారమైంది. పంట దాటేదాకా ప్రాణాన్ని వాయిదా వేయాల్సిన బతుకు ఇది, అసలు రాయాల్సింది దీని గురించి. ఇదీ రాస్తానేమో. థూ.

వదిన ముఖం వైపు చూడకుండానే వచ్చేశాను.

మార్చి 27, పొద్దున

అన్న లేడు. వదిన గోడ మీది నెత్తురు కడుగుతోంది. బకెట్ అందుకోబోయాను. నువ్వు వోయి రాసుకో అన్నది.

రాస్తున్నాను.