ఉతకొద్దు, ఇస్త్రీ చెయ్యొద్దు

అమ్మకి,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, ఒక్క చొక్కా తప్ప. నువ్వూ నాన్నా బాగున్నారనే అనుకుంటున్నాను. అనుకోవడమే, ఎందుకంటే పన్నెండు రోజులుగా నువ్వు నా ఫోను ఎత్తడం లేదు.

మందుల షాపు అక్కా, ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించేది నువ్వే కాబట్టి ముందే చెబుతున్నాను. ఇందులో కోపం చాలా ఉంది. అమ్మ బాధపడుతుందని మధ్యలో వరసలు మింగేయకు. నేను కాలేజీ నుంచి రాసిన ఉత్తరాల్లో నా జ్వరాలన్నీ అలాగే మింగేశావు, నాకు తెలుసు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదువు.

అమ్మా, నీ ఉత్తరం అందింది. దస్తూరీ మందుల చీటీలా ఉంది గానీ మాటలు నీవే. నాన్న మోకాలి నొప్పి తగ్గిందన్నావు, సంతోషం. వేళకి తింటున్నావా అని అడిగావు, తింటున్నాను. ఇక అసలు ప్రశ్న. "ఒక్క చొక్కా ఉతికి ఇస్త్రీ చేసినందుకు కన్నతల్లిని అన్నేసి మాటలంటావా? నలిగిన చొక్కాతో ఆ పిల్ల సినిమాలో తిరిగితే, వాళ్ళమ్మకి ఒళ్ళు బద్ధకం అనుకోరూ?" అన్నావు. నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది.

నేను తీస్తున్న సినిమా కథంతా ఒక్క రోజులో జరుగుతుంది. ఒక బడిపిల్ల పరీక్ష ఫారం మీద వాళ్ళమ్మ వేలిముద్ర వేస్తుంది. అది చెల్లదు, సంతకమే కావాలంటాడు గుమస్తా. ఆ పిల్ల పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆఫీసు గది ముందు బెంచీ మీద నుంచి లేవదు. ఆ పిల్ల ఎవరో నీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఒక్క రోజుని మేం పద్నాలుగు రోజులు తీస్తున్నాం. అన్నీ కలిపితే ఒకే రోజులా కనిపించాలి. అంటే ఆ పిల్ల చొక్కా మీద మడతలు ఎక్కడివక్కడే ఉండాలి. జేబు మీద సిరా మరక ఉండాలి. అందుకే నెల రోజులు ఆ చొక్కాని కవర్లో పెట్టి పసిబిడ్డని మోసినట్టు మోశాను.

"ఆ మరక పోగొట్టడానికి నిమ్మచెక్కతో మూడుసార్లు రుద్దాను, వేళ్ళు మండిపోయాయి" అని రాయించావు. పోయింది కదమ్మా. పూర్తిగా పోయింది. దండం పెట్టాలి నీ పనితనానికి.

ఈ సినిమాకి ఆటంకాలు కొత్త కాదు. తీయిస్తానన్న పెద్దమనిషి, పిల్ల ఏడిస్తేనే జనం చూస్తారన్నాడు. ఏడవదన్నాను. మర్నాటి నుంచి కనిపించలేదు. మొదటి కెమెరామన్ సగంలో పెళ్ళి వీడియోలకి పోయాడు. వర్షానికి మైకు తడిసి చచ్చింది. అన్నీ పళ్ళ బిగువున దాటాను. ఇంక రెండు రోజుల షూటింగే మిగిలింది. మేం తీస్తున్న పాత బడిని వచ్చే నెల మొదటి వారంలో కూలగొట్టేస్తారు. ఇలాంటప్పుడు మీ దగ్గర రెండు రోజులుండి, తిరిగొచ్చి అందరి ముందూ కవరు విప్పితే ఏముంది? గంజి పెట్టి, కాలరు నిలబెట్టి, పెళ్ళికొడుకు చొక్కాలా మెరుస్తోంది.

అక్కడే నీకు ఫోన్ చేసి అరిచాను. "కవరు మీద అంతంత అక్షరాలతో రాశాను కదా, కళ్ళు కనపడవా?" అన్నాను. నువ్వు "కళ్ళు కనపడతాయే, అక్షరాలే కనపడవు" అని పెట్టేశావు.

నీ ఉత్తరంలో అసలు సంగతి ఆఖరి వరసలో ఉంది. "ఎర్రగా కనిపిస్తే అర్జంటు అనుకున్నాను. మూటలన్నీ పక్కన పెట్టి ముందు నీదే చేశాను."

ఆ వరస దగ్గర నా కోపం నా మీదికే తిరిగింది. సాయంత్రానికి ఇస్త్రీ చేసి ఇచ్చి తీరాల్సిన మూటకి ఎర్ర గుడ్డపీలిక కట్టేది ఎవరు? నేనే. ఆరేళ్ళప్పటి నుంచి కట్టాను. ఎరుపు కనిపిస్తే నీ చెయ్యి ఆగదని నాకు తెలియదా? అయినా ఎర్రపెన్ను తీసుకుని "ఉతకొద్దు, ఇస్త్రీ చెయ్యొద్దు" అని రాశాను. ఎవరి కోసం? ఆ ఇంట్లో చదవగలిగేది నేనొక్కదాన్నే. వేలిముద్ర వేసినావిణ్ణి వెనక్కి పంపిన గుమస్తాని తిట్టడానికి సినిమా తీస్తున్నానే, నేను చేసింది మాత్రం ఏమిటి?

అక్కా, షాపులో ఎవరైనా ఉంటే పంపించేసి, ఇక్కడి నుంచి చదువు.

అమ్మా, నీకు ఫోన్లో చెప్పనిది ఒకటుంది. చొక్కా చూసి కొత్త కెమెరామన్, "ఎవరండీ ఈ నిర్వాకం చేసింది?" అని అడిగాడు. అందరూ నా వైపే చూస్తున్నారు. "ఇస్త్రీ ఆవిడ" అన్నాను. "బుర్రుంటే ఇస్త్రీ ఎందుకు చేసుకుంటారు లెండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వానమ్మా. నేనన్నదాంట్లో అబద్ధం లేదు. అదే నన్ను ఎక్కువ కాలుస్తోంది.

నీ ఉత్తరం వచ్చిన రోజు అతనికి చెప్పాను, "ఆ ఇస్త్రీ ఆవిడ మా అమ్మ" అని. అతని మొహం మాడిపోయింది. "ముందే చెప్పొచ్చు కదండీ" అన్నాడు.

"చెబితే నవ్వేవారు కాదా, నాకు వినపడకుండా నవ్వేవారా?" అన్నాను. అతని మీద నా కోపం తగ్గలేదు. నా మీద అసలే తగ్గలేదు. ఫోను ఎత్తనందుకు నీ మీద కూడా కాస్త ఉంది.

చొక్కా నలపడానికి చెయ్యని పని లేదు. మెలిపెట్టి పిండాం. మీద కూర్చున్నాం. దిండు కింద పెట్టాం. కెమెరాలో చూస్తే ఎవరో కసితో నలిపినట్టుంది గానీ, ఒక పిల్ల రోజంతా కూర్చుంటే నలిగినట్టు లేదు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. మూట విప్పగానే ఒక్కో చొక్కా ఎత్తి, "ఈయన బస్సులో నిలబడే వెళతాడు", "వీడిది ఎడమచేతి వాటం" అనేదానివి. నేను పుస్తకాలు చదవక ముందే నువ్వు చొక్కాలు చదివేదానివి. ఈ ముక్క మా క్లాసులో ఒక్కరికీ చెప్పుకోలేదు నేను.

చొక్కా పార్సిల్లో పంపుతున్నాను. నువ్వు ఉతకక ముందు అది ఎలా ఉండేదో చూపించే ఆరు ఫోటోలు కూడా పెట్టాను. ఏ మడత ముందు పడిందో, ఏది తర్వాత పడిందో చూడు. ఆ మడతలు పోగొట్టినదానివి, మళ్ళీ పెట్టడం కూడా నీకే వస్తుంది. సిరా ప్యాడు కూడా ఉంది. జేబు మీది మరక, ఆ పిల్ల తల్లి వేలిముద్ర వేశాక కంగారులో కూతురి చొక్కాకే బొటనవేలు తుడిచినది. పోయినసారి నటి తుడిచింది. ఈసారి నువ్వు తుడువు. నిమ్మచెక్క జోలికి మాత్రం పోకు, నీకు పుణ్యముంటుంది.

లోపలి కవరు మీద ఈసారి ఒక్క అక్షరం కూడా రాయలేదు. ఎర్ర గుడ్డపీలిక కట్టాను.

ఇట్లు,
నీ మూటలకి పీలికలు కట్టిన
కూతురు