బల్ల ద్రాక్షరసానికి కరెంటు పరీక్ష

కార్ఖానా,
జూలై 2009.

పూజ్యులైన రోసమ్మ అత్తయ్యకు, మేనల్లుడు ఆర్థర్ వందనాలు.

మీరు ఫోను ఎత్తడం లేదు కనుక రాస్తున్నాను. పీహెచ్‌డీ కోసం నేను చేసిన పట్టీని పానీయంలో ముంచి కాస్త కరెంటు ఇస్తే, అందులో కృత్రిమ రంగుంటే కంప్యూటర్లో గీత గుట్టలా లేవాలి. మూడేళ్లుగా పట్టీని మార్చి మార్చి ఎన్ని రంగు షర్బత్‌లలో ముంచినా అది మూగగానే ఉంది. చర్చిలో బల్లారాధనకు మీరు చేసే ద్రాక్షరసం ఒక సీసా పంపారు కదా, అందులో ఈ కొత్త పట్టీకి గుట్ట లేచింది! ఆ సంబరంలో చర్చి పాటల ప్రాక్టీసులో, మీ రసంలో రంగుందని నోరు జారాను. దేవుడు నాకు నోరిచ్చాడుగానీ మూత ఇవ్వలేదు.

మీ ఆర్థర్

తా.క. గుట్ట చాలా అందంగా వచ్చింది. ప్రింటు జతచేశాను.

*

బొల్లారం.

చిరంజీవి ఆర్థర్‌కు, కోపంగానే దీవించి రాయునది.

ఒరేయ్, మీ మావయ్య ఉన్నప్పటి నుంచీ బల్లకు రసం నా చేతిదే. ఇప్పుడు మన సంఘంలోని కాంతమణి ఆ పని తనకిమ్మని పాస్టరుగారింట్లో కూర్చుంది. పక్కింటి బాలమ్మ గోడ మీంచి, "ఏందమ్మా, దేవుని రసంల సుత రంగు కలుపుతరా?" అంది. తలెక్కడ పెట్టుకోను? మా కుళాయి నీళ్లు సీసాలో పంపుతున్నాను. నీ పట్టీ వాటిలో ముంచు. దాని బండారం బయటపడుతుంది.

అత్తయ్య రోసమ్మ

తా.క. నీ గుట్ట మీద మిరపకాయలు ఆరబెట్టాను.

*

కార్ఖానా.

అత్తయ్యా, మీ కాళ్లకు దండం.

నీళ్లు తేటగా ఉన్నాయి, గుట్ట మాత్రం లేచింది! కుళాయి నీళ్లలో రంగెవరు కలుపుతారు? పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అన్నట్టుంది నా పట్టీ. అది పనికిరాదని మా గైడుగారికి చెప్పేశాను. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. పీహెచ్‌డీ ఇక పోయినట్టే. ఆదివారం సంఘం ముందు నిలబడి, రసం మంచిదే, కల్తీ నేనే అని ఒప్పుకుంటాను.

బుద్ధొచ్చిన ఆర్థర్

తా.క. మా ఆవిడ మార్త ఆ పట్టీలను బైబిల్లో గుర్తులకు వాడుతోంది. మూడేళ్లకు ఒక ఉపయోగం దొరికింది.

*

బొల్లారం.

నాయనా ఆర్థర్,

నిన్న సంఘం ముందు నువ్వు ఏడుస్తుంటే కాంతమణి సైతం కళ్లొత్తుకుంది. ఇక దాచలేను. ఈసారి నల్లద్రాక్ష దొరక్క తెల్లద్రాక్షతో చేశానురా. రసం చెరకు నీళ్లలా ఉంది. బల్ల మీద ఎలా పెట్టను? చిటికెడు మిఠాయి రంగు వేశాను. నీకు నీళ్లు పంపింది కూడా ఆ రసం పోసి ఉంచిన ఇంకో సీసాలోనే. కావాలనే కడగలేదు. పరువు కోసం నీ చదువు ముంచబోయాను, నా మీద నాకే అసహ్యం వేసింది. గైడుగారి దగ్గరికి పరుగెత్తు, నీ పట్టీ బంగారం! పాస్టరుగారికి అంతా చెప్పేశాను. రసం పని కాంతమణికి ఇచ్చారు.

సిగ్గుతో, అత్తయ్య

తా.క. కాంతమణి మచ్చుకు చేసిన రసం పంపుతున్నాను, వెంటనే ముంచు. ఈసారి సీసా శుభ్రంగా కడిగాను.