వాగు ఒడ్డు గడ్డలు

నాంపల్లి,
శనివారం

జెర్లిన్,

ఎదురుగా నిలబడి మాట్లాడితే ఏడుస్తానని ఉత్తరం రాస్తున్నాను.

మా గోండుల అడవి వైద్యాన్ని మన కాలేజీలో పాఠంగా పెడదామని నువ్వన్నప్పుడు ఎంత సంతోషించానో నీకు తెలుసు. మా మేనత్త మారుబాయిని కాగజ్‌నగర్‌లో రైలెక్కించి తీసుకొచ్చింది నేనే. నాంపల్లి స్టేషన్‌లో ఆమె నీ చెయ్యి పట్టుకుని, "పిల్లలకు మందు గురించి చెప్త బిడ్డా. మందు గడ్డ దొరికే జాగ మాత్రం బయట చెప్పొద్దు" అంది. "ఫికర్ చెయ్యకు అత్తమ్మా, నాది జిమ్మేదారి" అన్నావు.

ఆ నమ్మకంతోనే తర్వాత నిన్ను ఊరికి పిలిచి, ఆ గడ్డలు పెరిగే వాగు ఒడ్డు చూపించింది.

మొన్న ఆబిడ్స్ సభలో నీ వీడియో చూశాను. వాగు, గుట్ట, ఊరి పేరు అన్నీ ఉన్నాయి. అప్పటికే అది ఇంటర్నెట్‌లో ఉందట. నిలదీస్తే, "జ్ఞానం అందరిదీ కదనే, గింత దానికి గట్లా చేస్తవేంది?" అన్నావు. పక్కనున్నవాళ్లు నవ్వారు.

నిన్న ఊరికి ఫోన్ చేశాను. ఎవరో వ్యాన్లలో వచ్చి ఒడ్డంతా తవ్వుకుపోయారు. బాలింతలకు పెట్టడానికి ఒక్క గడ్డ మిగల్లేదు. అత్తే ఆ జాగ అమ్ముకుందని ఊరంతా అంటోంది.

ఆ వీడియో తీసెయ్యి. ఊరికి వచ్చి, బయటపెట్టింది నువ్వేనని పెద్దల ముందు చెప్పు. నీతో కలిసి నేనిక పాఠం చెప్పను.

అత్త మాత్రం నిన్నేమీ అనలేదు. "ఆ పిల్ల మర్చిపోయిందేమో, జర యాది చెయ్" అంది. నువ్వు మర్చిపోలేదని ఆమెతో అనలేకపోయాను.

మారుబాయి మేనకోడలు